బడి నడుపుతూ పరిశోధన చేసేవారికి వెసులుబాటు కల్పించాలి

సంపాదకుల వారికి,

నమస్కారం. ఉద్యోగంలో ఉంటూనే విద్యా నాయకత్వంపై పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ చేస్తున్న ప్రభుత్వ ప్రధానోపాధ్యాయుల ఇబ్బందులను విద్యాశాఖ, విశ్వవిద్యాలయాల దృష్టికి తేవడానికి ఈ లేఖ రాస్తున్నాను. నేను పల్నాడు ప్రాంతంలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ప్రధానోపాధ్యాయురాలిని. ఇలాంటి పరిశోధనే చేస్తున్నదాన్ని.

ఈ వయసులో ఈ చదువు దేనికని తోటి ఉపాధ్యాయులే అడుగుతుంటారు. మాకు పదోన్నతి సీనియారిటీని బట్టి, శాఖాపరమైన పరీక్షలను బట్టి వస్తుంది గానీ పీహెచ్‌డీని బట్టి రాదు కనుక ఆ ప్రశ్న సహజమే. అయితే ఏళ్ల తరబడి గణితమో సాంఘిక శాస్త్రమో చెప్పిన మనిషికి ఒక ఉత్తర్వు ఇచ్చి ప్రధానోపాధ్యాయుడి కుర్చీలో కూర్చోబెడుతున్నాం. మర్నాటి నుంచి స్టాఫ్‌రూమ్ తగాదాలు, పాఠశాల కమిటీ సమావేశాలు, నిధుల లెక్కలు, చదవడం రాని ఎనిమిదో తరగతి పిల్లలు, అన్నీ ఆయన బాధ్యతే. ప్రధానోపాధ్యాయులకు ఏటా కనీసం 50 గంటల వృత్తిపర శిక్షణ ఉండాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది. అది మంచి మాటే. కానీ శిక్షణ తరగతిలో కూర్చుని వినడం వేరు, తన బడి సమస్యనే పట్టుకుని మూడు నాలుగేళ్లు లోతుగా తవ్వడం వేరు. రెండో పని చేసేవారు జిల్లాకు కొద్దిమందైనా ఉండాలన్నది నా గట్టి నమ్మకం.

నిబంధనలు మాకు వ్యతిరేకంగా ఏమీ లేవు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2022 నవంబరులో ప్రకటించిన పీహెచ్‌డీ నిబంధనలు పార్ట్‌టైమ్ పరిశోధనను స్పష్టంగా అనుమతిస్తున్నాయి. అభ్యర్థి పనిచేసే సంస్థ ఇచ్చే నిరభ్యంతర పత్రం (ఎన్‌వోసీ)లో మూడు విషయాలు ఉండాలని కూడా చెబుతున్నాయి: పార్ట్‌టైమ్‌గా చదువుకోవడానికి అనుమతి ఉందని, పరిశోధనకు తగినంత సమయం కేటాయించడానికి ఉద్యోగ బాధ్యతలు వీలిస్తాయని, అవసరమైతే కోర్స్‌వర్క్ (పరిశోధకులు తప్పక హాజరు కావలసిన తరగతులు) పూర్తి చేయడానికి విధుల నుంచి రిలీవ్ చేస్తామని. మాకు చిక్కు వస్తున్నది ఈ మూడో విషయం దగ్గరే. దరఖాస్తు ఒక కార్యాలయం నుంచి మరో కార్యాలయానికి తిరిగి, ప్రవేశాల గడువు ముగియబోతుండగా చేతికి వచ్చిన నా అనుమతి పత్రంలో ‘విధులకు ఎటువంటి ఆటంకం కలగకుండా’ అన్న షరతు ఉంది. రిలీవ్ చేస్తామన్న హామీ ఉన్నా, ఆ షరతు చూపిస్తే అది చెల్లని కాగితమే. కోర్స్‌వర్క్ తరగతులు పనిదినాల్లోనే పెడితే, ఒక పక్క మధ్యాహ్న భోజనానికి ఎంతమంది, గుడ్లు ఎన్ని అని ఫోన్లు వస్తుండగా మరో పక్క పరిశోధనా పద్ధతులపై పాఠం వినాలి. ఇన్‌చార్జి బాధ్యత తీసుకున్న సీనియర్ ఉపాధ్యాయుడు తన తరగతులు వదులుకుని ఆ పనులు చూడాలి. చివరికి నష్టపోయేది పిల్లలే.

దీనికి మార్గం లేకపోలేదు. నిబంధనల ప్రకారం కోర్స్‌వర్క్ కనీసం 12 క్రెడిట్లు. క్రెడిట్‌కు 15 గంటల చొప్పున లెక్కవేస్తే 180 గంటలు, రోజుకు ఆరు గంటలైతే 30 రోజులు. ఏప్రిల్ చివరి నుంచి జూన్ రెండో వారం దాకా ఉండే వేసవి సెలవుల్లో ఈ తరగతులు పెట్టుకోవచ్చు. ఒకే వేసవిలో కుదరకపోతే రెండు వేసవుల్లో పూర్తి చేయవచ్చు. ఆ రోజుల్లో సప్లిమెంటరీ పరీక్షల విధులు, అడ్మిషన్ల పని వేయకుండా విద్యాశాఖ మినహాయిస్తే చాలు.

సమయం కంటే నన్ను ఎక్కువగా బాధపెడుతున్నది పరిశోధనాంశాల తీరు. మా ప్రాంతంలో సంక్రాంతి దాటాక మిర్చి కోతలు ముమ్మరమవుతాయి. అప్పటినుంచి ఎనిమిది, తొమ్మిది తరగతుల ఆడపిల్లల పేర్లకు ఎదురుగా హాజరుపట్టీలో వరసగా ఆబ్సెంట్లు పడతాయి. ఒక పిల్ల తల్లితో పాటు కోతకు వెళుతుంది, ఒక పిల్ల తల్లి కూలికి వెళ్లిందని తమ్ముణ్ణి చూసుకుంటూ ఇంట్లో ఉంటుంది, ఇంకొక పిల్ల కుటుంబంతో పాటు వలస పోతుంది. ఏ టీచరు ఇంటికి వెళ్లి మాట్లాడితే పిల్ల బడికి తిరిగొచ్చింది, పాఠశాల కమిటీలో ఏ తల్లి పూనుకుంటే నాలుగిళ్లవాళ్లు మాట విన్నారు, ఎక్కడ మా ప్రయత్నం బెడిసికొట్టింది అన్నవి రోజువారీగా నమోదు చేసుకుని విశ్లేషిస్తే అంతకన్నా పనికొచ్చే నాయకత్వ పరిశోధన ఏముంటుంది? అయితే సొంత బడి మీద పరిశోధన చేస్తామంటే విశ్వవిద్యాలయ పరిశోధన కమిటీలు సులువుగా ఒప్పుకోవు. ప్రధానోపాధ్యాయుల నాయకత్వ శైలికి, ఉపాధ్యాయుల ఉద్యోగ సంతృప్తికి గల సంబంధం అన్న అంశమే ఇప్పటికీ సురక్షితమైనది. కొన్ని వందల మందికి ప్రశ్నావళి పంచి, లింగం, వయసు, పల్లె, పట్టణం అనే చరాల వారీగా టీ-పరీక్షలు (రెండు వర్గాల సగటులను పోల్చే గణాంక పద్ధతి) చేసి, పట్టికలు వేస్తే గ్రంథం తయారవుతుంది. సర్వే పద్ధతిని నేను తప్పుపట్టడం లేదు, దాని అవసరం దానికి ఉంది. బడిని లోపలి నుంచి చూడగలిగినవారి చేత కూడా అదే చేయించడం మాత్రం వృథా.

ఉద్యోగంలో ఉన్నవారి పరిశోధన ఎలా ఉండాలన్న ప్రశ్నను ఇతర దేశాలు ఎప్పుడో ఎదుర్కొన్నాయి. అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయం 1921లోనే ఎడ్‌డీ (విద్యారంగంలో పనిచేసేవారి కోసం ఉద్దేశించిన డాక్టరేట్) పట్టా మొదలుపెట్టింది. బ్రిటన్‌లో బ్రిస్టల్ విశ్వవిద్యాలయం 1992లో ఆ బాట పట్టింది. 2007లో అమెరికాలో ఎడ్‌డీని మెరుగుపరచడానికి ప్రారంభమైన కార్నెగీ ప్రాజెక్టులో చేరిన విశ్వవిద్యాలయాలు, పనిచేసే చోట ఎదురైన సమస్యనే తీసుకుని దాన్ని సరిదిద్దే ప్రయత్నాన్ని సిద్ధాంత గ్రంథంగా రాసే విధానానికి రూపమిచ్చాయి. ఎడ్‌డీని తక్కువ రకం పీహెచ్‌డీగా చూసేవారు అక్కడా ఉన్నారు. మనకు కొత్త పట్టా అవసరం లేదు. ఉన్న పీహెచ్‌డీలోనే ఇటువంటి అంశాలను, వాటికి తగిన కఠినమైన ప్రమాణాలతో, అంగీకరిస్తే సరిపోతుంది.

సక్రమమైన దారి ఇరుకైనప్పుడు అడ్డదారులకు గిరాకీ పెరుగుతుంది. థీసిస్ రాసిపెడతామనేవారు, ఇంట్లో కూర్చునే విదేశీ డాక్టరేట్ ఇప్పిస్తామనేవారు వెతుక్కుంటూ వచ్చేది తీరిక లేని మాలాంటివారి దగ్గరికే. దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ పీహెచ్‌డీ కుదరదని అవే 2022 నిబంధనల్లో ఉంది. ఎడ్‌టెక్ (ఆన్‌లైన్ చదువులు అమ్మే) కంపెనీలు విదేశీ సంస్థలతో కలిసి ఇచ్చే ఆన్‌లైన్ పీహెచ్‌డీలకు గుర్తింపు లేదని యూజీసీ, సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) అదే ఏడాది అక్టోబరులో హెచ్చరించాయి కూడా. కొత్తగా చేరాలనుకునే ఉపాధ్యాయులు ఈ సంగతి గమనించాలని కోరుతున్నాను.

మహిళలకు రీరిజిస్ట్రేషన్‌తో (గడువు ముగిశాక మళ్లీ పేరు నమోదు చేసుకోవడంతో) కలిపి మొత్తం పదేళ్ల వరకు గడువు ఇవ్వడం, 240 రోజుల వరకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవును అనుమతించడం ఆ నిబంధనల్లోని మంచి అంశాలు. కానీ గడువు పొడిగించినంత మాత్రాన వారంలో ఒక్క పూటైనా చదువుకునే తీరిక దొరకదు.

అందువల్ల ఎన్‌వోసీ దరఖాస్తుపై 30 రోజుల్లో నిర్ణయం చెప్పాలని, యూజీసీ చెప్పిన మూడు విషయాలూ ఏ షరతూ లేకుండా అందులో ఉండేలా ఒకే నమూనా పత్రాన్ని రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలు జారీ చేయాలని కోరుతున్నాను. విశ్వవిద్యాలయాలు వచ్చే వేసవి నుంచే ఉద్యోగుల కోసం కోర్స్‌వర్క్ బ్యాచ్ ప్రారంభించాలి. పూర్తయిన ప్రతి పరిశోధన సారాంశాన్ని తెలుగులో పది పేజీలకు మించకుండా రాష్ట్ర విద్యా పరిశోధన శిక్షణ మండలి (ఎస్‌సీఈఆర్‌టీ)కి, సంబంధిత జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థ (డైట్)కు ఇవ్వాలన్న నియమం పెడితే, దాన్ని పాటించడానికి మొదటి వరుసలో నేనుంటాను.

ఇట్లు,
ఒక ప్రధానోపాధ్యాయురాలు,
పల్నాడు జిల్లా