చలికాలం చందా: ఎంత వచ్చింది, ఎక్కడ పెట్టాం

కాలనీ పెద్దలకు, అక్కలకు, అన్నలకు నమస్కారం. నవంబరు మొదటి వారం నుంచి ఇవాళ్టి వరకు, అంటే 2025 జనవరి 19 ఆదివారం వరకు, చలికాలం పేరుతో మీ దగ్గర వసూలు చేసిన డబ్బుల లెక్క ఇది. కోశాధికారిగా నేనే రాస్తున్నాను, కమిటీలో మిగతా నలుగురూ చదివి సరే అన్నాకే మీ ముందు పెడుతున్నాను. ఇందులో మీ అనుమతి తీసుకోకుండా పెట్టిన ఖర్చు ఒకటుంది, 9,390 రూపాయలు. దాని గురించి ఇప్పటికే ఇద్దరు ముగ్గురు గట్టిగానే అడిగారు, అడగాల్సిందే కూడా. అది ఎందుకు పెట్టాల్సి వచ్చిందో మొత్తం చెప్తాను, ముందు జమ చూడండి.

పోయిన ఏడాది మిగులు 6,340. మన కాలనీలో ఇళ్లు 84, ఇంటికి 300 అనుకున్నాం, 71 ఇళ్లవాళ్లు ఇచ్చారు, అది 21,300. ఇవ్వని 13 ఇళ్ల నంబర్లు బోర్డు మీద రాయమని ఒకరు సలహా ఇచ్చారు కానీ నేను ఒప్పుకోలేదు. వాటిలో నాలుగు ఇళ్లకు తాళాలే ఉన్నాయి, రెండు ఇళ్లలో ఈ ఏడాది ఆసుపత్రి ఖర్చులు ఎంతయ్యాయో వీధిలో అందరికీ తెలుసు, మిగతావాళ్ల ఇబ్బందులు వాళ్లకుంటాయి. ఇక 300 మీద అదనంగా మూడు ఇళ్ల నుంచి వచ్చింది 3,500, అందులో ఒకరు వాళ్ల అమ్మ సంవత్సరీకం భోజనాలు తగ్గించుకుని ఇచ్చిన 2,000 ఉంది. హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేస్తున్న మన వీధి పిల్లలిద్దరు తలా 2,500 పంపారు, మొత్తం 5,000. హైస్కూలు పిల్లలు ఇంటింటికీ తిరిగి పాత పేపర్లు పోగేసి అమ్మితే 875 వచ్చాయి. అన్నీ కలిపి జమ 37,015 రూపాయలు. రసీదు పుస్తకం ఒకటే, 1 నుంచి 76 వరకు రాశాం, అందులో రెండు తప్పు పడితే అడ్డంగా కొట్టేశాం కానీ చింపలేదు, పుస్తకంలోనే ఉన్నాయి.

ఖర్చులో పెద్దది రగ్గులు. ఒక్కోటి 310 చొప్పున 42 రగ్గులు, 13,020. దుకాణంలో మాకు చూపించింది మందంగానే ఉంది, మూటలు విప్పాక చూస్తే ఏడు రగ్గులు వెలుతురుకు పట్టుకుంటే అవతలి మనిషి కనిపించేంత పల్చగా ఉన్నాయి. తిరిగి తీసుకెళ్లి గొడవపడి మార్పించుకున్నాం, అందుకే పంపిణీ నాలుగు రోజులు ఆలస్యమైంది, ఆ నాలుగు రోజులూ చలి బాగా ఉండటం వల్ల మాకూ బాధగానే ఉంది. అపార్ట్‌మెంటు కడుతున్న చోట రేకుల షెడ్లలో ఉంటున్న కూలీలకు 18, మన వీధులు ఊడ్చే పారిశుద్ధ్య కార్మికులకు 8, వాచ్‌మన్ ఇంటికి 3, బస్టాండు దగ్గరా రైల్వే స్టేషన్ దగ్గరా రాత్రిళ్లు బయట పడుకునేవాళ్లకు 11 ఇచ్చాం. రెండు మిగిలాయి. షెడ్లలో పిల్లలు పదిహేను మందికి స్వెటరు, టోపీ కలిపి 230 చొప్పున 3,450 అయింది. ఈ రెండూ ముందే మీటింగులో అనుకున్నవే.

ఇక ఆ 9,390.

డిసెంబరు 15 ఆదివారం రాత్రి. ఆ వారమంతా మన ఆదిలాబాద్‌లో రాత్రి ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపే ఉంది. గేటు పక్క గదిలో వాచ్‌మన్, అతని భార్య, మూడేళ్ల పాప ఉంటారు. పాపకు రెండు రోజుల నుంచి దగ్గు. వంటయ్యాక కుంపట్లో బొగ్గులు ఎర్రగా ఉన్నాయి, పొగ కూడా లేదు, గది వెచ్చగా ఉంటుందని ఆమె దాన్ని లోపల పెట్టుకుని తలుపు వేసేసింది. తలుపు కింద సందులోంచి చల్లగాలి కొడుతుంటే గోనెసంచి మడిచి కుక్కింది. పడుకునే ముందు తలనొప్పిగా ఉందని అంది, జలుబు చేస్తుందేమో అనుకున్నారు.

తెల్లారి ఐదింటికి పాలబ్బాయి వచ్చేసరికి గేటు తీసి లేదు. ఎప్పుడూ లేనిది ఏంటా అని గది తలుపు బాదాడు, చాలాసేపటికి వాచ్‌మన్ పాక్కుంటూ వచ్చి గడియ తీసి అక్కడే పడిపోయాడు. ఆమె వాంతి చేసుకుని ఉంది, పాప పిలిస్తే కళ్లు తెరవడం లేదు. ఆ పాలబ్బాయి చేసిన మంచి పని ఏమిటంటే నీళ్లు చల్లుతూ అక్కడే కూర్చోకుండా ముగ్గురినీ బయటి గాలిలోకి లాగేశాడు. అరుపులు విని మేం వెళ్లాం, నేను పాపను ఎత్తుకుంటే ఒళ్లు వెచ్చగానే ఉంది, తల మాత్రం భుజం మీద అటూ ఇటూ వాలిపోతోంది. 108కి ఫోన్ చేశాం, అది వచ్చేలోపే ఎదురింటివాళ్ల కారులో దగ్గరున్న ఆసుపత్రికి తీసుకెళ్లిపోయాం. ఆక్సిజన్ పెట్టారు, మధ్యాహ్నానికి పాప అమ్మా అని పిలిచింది, సాయంత్రానికి ముగ్గురూ ఇంటికొచ్చారు. పరీక్షలు, ఆక్సిజన్, మందులు కలిపి 2,650, బిల్లు ఉంది. అప్పుడు మీటింగు పెట్టి అడిగే టైం లేదు, చేతిలో ఉన్న చందా డబ్బులోంచే కట్టాను.

డాక్టరు చెప్పింది నాకు అర్థమైనంతలో ఇది. బొగ్గు మూసిన గదిలో కాలితే కార్బన్ మోనాక్సైడ్ అనే గ్యాస్ పోగవుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌కు అది ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది, దాంతో ఊపిరి ఆడుతున్నట్టే ఉంటుంది కానీ ఒంటికి ఆక్సిజన్ అందదు. తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం, ఆ తర్వాత మత్తు. నిద్రపోతున్న మనిషికి ఇవేవీ తెలియవు. పొగ లేని ఎర్ర బొగ్గులు మంచివనే మన నమ్మకమే ఇక్కడ ప్రమాదం, పొగైతే కనీసం దగ్గొచ్చి లేస్తాం.

మిగతా 6,740 ఎందుకంటే, ఆ గదికి కిటికీ లేదు. పైన ఒక చిన్న వెంటిలేటర్ ఉండేది, దానికి అట్ట కొట్టి ఉంది. ఎవరు కొట్టించారో తెలుసుకోవడానికి నేను ఎవరినీ అడగాల్సిన పని లేకపోయింది, పోయిన ఏడాది లెక్కల పుస్తకంలో నా చేతిరాతతోనే ఉంది: 'వాచ్‌మన్ గది, గాలి రాకుండా అట్ట, మేకులు, 120'. చలికి ఇబ్బంది పడుతున్నారని మనమే, మంచికే, కమిటీ డబ్బుతో మూయించాం. ఆ పేజీ చూశాక నాకు రెండు రోజులు అన్నం సహించలేదు. అందుకే మీటింగుకు ఆగకుండా ఆ వారంలోనే గోడ కొట్టించి రెండడుగుల ఇనుప కిటికీ పెట్టించాం (3,800), అట్ట తీయించి వెంటిలేటర్‌కు జాలీ వేయించాం, మేస్త్రీకి, కూలీకి 2,200, సిమెంటు, ఇసుక 740. ముందు అడగకపోవడం తప్పే, దానికి క్షమించండి. ఈ ఖర్చు వద్దనుకుంటే చెప్పండి, వచ్చే మీటింగులో మాట్లాడుకుందాం, కమిటీ ఐదుగురం పంచుకుని కట్టడానికి సిద్ధంగా ఉన్నాం. కిటికీ మాత్రం అక్కడే ఉంటుంది.

ఆ తర్వాత మేం ఊరికే కూర్చోలేక ఇంటింటికీ తిరిగాం. మీలో కొందరికి మా రాక విసుగనిపించి ఉండొచ్చు. కుంపట్లు మన ఇళ్లలో తక్కువ, కానీ గ్యాస్ గీజర్లు బాత్‌రూం లోపల బిగించుకున్న ఇళ్లు తొమ్మిది తేలాయి, వాటి నుంచి వచ్చేది కూడా ఇదే గ్యాస్. చలికి వెంటిలేటర్ మూసి, తలుపు వేసి, వేడినీళ్లు వదిలి పావుగంట స్నానం చేస్తే ఏమవుతుందో ఇప్పుడు మనకు తెలుసు. ఆరు ఇళ్లవాళ్లు గీజరును బయటి గోడకు మార్పించుకున్నారు, వాళ్లకు చాలా థాంక్స్. మిగతా మూడు ఇళ్లవాళ్లు దయచేసి ఈ వారంలో మార్పించుకోండి, అప్పటిదాకా బకెట్లో నీళ్లు పట్టుకుని గీజరు ఆపేశాకే లోపలికి వెళ్లండి. నీళ్ల హీటరు రాడ్డు వాడేవాళ్లు స్విచ్ ఆపి, ప్లగ్ పీకేశాకే నీళ్లలో చేయి పెట్టండి, ఇనుప బకెట్లో అసలు పెట్టొద్దు. మీటరు దగ్గర షాక్ కొట్టకుండా కరెంటు ఆపే స్విచ్, 30 మిల్లీ ఆంపియర్లది, లేని ఇళ్లు ఇంకా చాలా ఉన్నాయి, ఎలక్ట్రీషియన్‌ను అడిగితే పెట్టిస్తాడు.

లోపలి సందుల్లో ఆరు లైట్లు మార్చాం, 420 చొప్పున 2,520, ఎలక్ట్రీషియన్‌కు 600. హైవే నుంచి కాలనీలోకి తిరిగే మలుపు దగ్గర కల్వర్టు గోడకు, స్పీడ్ బ్రేకర్‌కు మెరిసే స్టిక్కర్లు, పెయింటు, 1,880. ఇది చిన్న ఖర్చే కానీ అవసరం, పొద్దున ఆరింటికి మంచు దిగితే ఆ కల్వర్టు గోడ పది అడుగుల దూరం నుంచి కూడా కనబడదు, పైగా ఇది పత్తి సీజను, 44వ నంబరు హైవే మీద పత్తి బండ్లు, లారీలు రోడ్డు పక్కనే ఆగి ఉంటున్నాయి, కొన్నింటికి వెనక లైట్లు కూడా ఉండవు. మంచులో బండి నడిపేటప్పుడు లైటు డిమ్‌లో పెట్టండి, హై బీమ్ వేస్తే ఆ వెలుగు మంచుకు తగిలి మన కళ్లలోనే కొడుతుంది. ఈ నెలాఖరులో పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతర మొదలవుతుంది, మన పిల్లలు ఏటా బైకుల మీద ఇంద్రవెల్లి వైపు రాత్రిపూటే బయల్దేరతారు. ఈసారి పొద్దెక్కాక వెళ్లమనండి, లేదా బస్సెక్కమనండి. సంక్రాంతికి ఎగరేసిన గాలిపటాల దారాలు ఇంకా చెట్లకూ స్తంభాలకూ వేలాడుతున్నాయి, బైకు మీద వెళ్లేవాళ్ల మెడకు తగులుతాయి, చేతికందేవి తీసేయండి, కరెంటు తీగల మీదివి మాత్రం కర్రతో, ఇనుప ఊచతో లాగొద్దు.

కరపత్రాలకు 450 అయింది. రగ్గులు తెచ్చిన ఆటోకు 400, దీనికి బిల్లు లేదు, ఆటో అతను ఇవ్వలేదు, నేను సంతకం చేసిన కాగితం పెట్టాను. మీటింగుల్లో తాగిన టీలు ఈ లెక్కలో లేవు, ఎవరి జేబు వాళ్లదే.

మొత్తం ఖర్చు 31,710 రూపాయలు. నిల్వ 5,305, అందులో బ్యాంకులో 4,800, నా దగ్గర నగదు 505.

ఆ నిల్వను ముట్టుకోకుండా ఉంచుదామని కమిటీ అభిప్రాయం. చలి సంక్రాంతికి చంకలెత్తనివ్వదు, శివరాత్రికి శివశివా అంటూ పోతుంది అంటారు కదా, శివరాత్రి ఫిబ్రవరి 26న, ఇంకా ఐదు వారాలకు పైనే ఉంది. ఈలోపు పెద్దవాళ్ల విషయంలో జాగ్రత్త. చలికి రక్తనాళాలు బిగుసుకుని బీపీ పెరుగుతుంది, తెల్లవారుజామున గుండెపోట్లు ఎక్కువగా రావడానికి అది కూడా కారణం, కాబట్టి వాకింగ్ ఎండ వచ్చాకే. ఛాతీ బరువుగా ఉన్నా, ఎడమ చేయి లాగుతున్నా, చలిలో కూడా చెమటలు పడుతున్నా గ్యాస్ అనుకుని సోడా తాగుతూ కూర్చోవద్దు, వెంటనే 108. షుగరు ఉన్నవాళ్లు నెగడు దగ్గర కాళ్లు చాపి కూర్చోకండి, పాదాలకు స్పర్శ తగ్గి ఉంటే కాలుతున్నది తెలియదు, మూడో వీధిలో ఒక పెద్దాయనకు బొటనవేలు పక్కన అర్ధరూపాయి బిళ్లంత బొబ్బ లేచి చీము పట్టేదాకా ఇంట్లో ఎవరూ చూడలేదు. రాత్రి డ్యూటీ చేసేవాళ్లకు చలికి అని మందు పోయించొద్దు. తాగితే చర్మం కింద రక్తనాళాలు వెడల్పయి వేడిగా అనిపిస్తుంది కానీ ఒంట్లో ఉన్న వేడే బయటికి పోతుంది. టీ ఇవ్వండి. పసిపిల్లలున్న ఇళ్లలో తలకు టోపీ, కాళ్లకు సాక్సులు తీయొద్దు, చలిగా అనిపిస్తే కుంపటి కాదు, అమ్మ ఒంటికి ఆనించి పైన శాలువా కప్పాలి. నెగడు వేసుకుంటే ఆరుబయటే వేసుకోండి, అందులో టైర్లు, ప్లాస్టిక్ వేయొద్దు, లేచేటప్పుడు నీళ్లు చల్లి ఆర్పండి, నిప్పులు గంపలో ఎత్తుకుని ఇంట్లోకి తేవద్దు.

రసీదు పుస్తకం, బిల్లులు, పోయిన ఏడాది లెక్కల పుస్తకం, ఆ 120 రూపాయల పేజీతో సహా, వచ్చే ఆదివారం పది నుంచి పన్నెండింటి వరకు కమ్యూనిటీ హాలులో బల్ల మీద ఉంటాయి. ఎవరైనా వచ్చి చూడొచ్చు, ఫొటో తీసుకోవచ్చు, తప్పు కనిపిస్తే అక్కడే చెప్పండి. మిగిలిన రెండు రగ్గులు మా ఇంట్లో ఉన్నాయి, అవసరమున్న మనిషి మీ కంట పడితే ఏ వేళైనా వచ్చి తీసుకెళ్లండి, ఎవరికిచ్చారో ఒక్క మాట చెప్తే రాసుకుంటాను.