మీ స్ప్రే కొట్టాక మా ఇంట్లో చీమలు ఎక్కువయ్యాయి

శాఖ మేనేజర్ గారికి,
గృహ కీటక నివారణ విభాగం, హైదరాబాద్.

విషయం: ఏడాది ఒప్పందం కింద చేసిన చీమల ట్రీట్‌మెంట్ పని చేయకపోగా సమస్య పెరగడం గురించి.

అయ్యా,

మేము నల్లకుంటలో ఒక అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో ఉంటాం. ఈ మార్చిలో మీ సంస్థతో ఏడాది ఒప్పందం చేసుకుని, 4,500 రూపాయలు ముందుగానే కట్టాం. బొద్దింకలు, బల్లులు, చీమలు అన్నిటికీ కలిపి ఒకే ప్యాకేజీ అని మీ ప్రతినిధి చెప్పాడు. మాకు బొద్దింకల బాధ పెద్దగా లేదు. బల్లులతో ఎలాగో సర్దుకుపోతున్నాం. మేము డబ్బు కట్టింది చీమల కోసం. అందుకే రసీదు మీద ఆ మాట పెన్నుతో రాయించుకున్నాను కూడా.

మీ మనిషి వచ్చి మందు కొట్టకముందు మా ఇంట్లో చీమలదారి ఒక్కటే. వంటింటి కిటికీ సందులోంచి దిగి, సింకు అంచు మీదుగా గట్టు మీదికి వచ్చేవి. ఆ దారి ఎక్కడ మొదలై ఎక్కడికి వెళ్తుందో ఇంట్లో అందరికీ తెలుసు. నెయ్యి గిన్నె నీళ్ల పళ్లెంలో పెట్టుకుంటూ, బెల్లం డబ్బా ఫ్రిజ్‌లో దాచుకుంటూ రోజులు వెళ్లదీశాం. మందు కొట్టాక రెండు మూడు రోజులు ఒక్క చీమ కనబడలేదు. అమ్మయ్య అనుకున్నాం. తర్వాత స్నానాలగదిలో కుళాయి దగ్గర ఒక వరస తేలింది. ఆపైన హాల్లో స్విచ్‌బోర్డు రంధ్రంలోంచి, పూజగదిలో నైవేద్యం గిన్నె చుట్టూ, చివరికి మా మనవరాలి పాలసీసా నిపుల్ మీద. అన్ని చోట్లా అదే చీమ. ఒక దారి ఉండాల్సిన ఇంట్లో ఇప్పుడు ఎటు చూసినా దారులే.

మీ కాల్‌సెంటర్‌కు ఫోన్ చేస్తే "మేడమ్, ఇల్లు శుభ్రంగా ఉంచండి, చక్కెర డబ్బా మూత గట్టిగా పెట్టండి" అన్నారు. మరోసారి చేస్తే మరొకరు అదే పాఠం చదివారు. ముప్పయ్యేళ్లుగా వంటిల్లు నడుపుతున్నదాన్ని, మూత పెట్టడం నాకు ఒకరు నేర్పక్కర్లేదు. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాదులో ఎండ నలభై డిగ్రీలు దాటినప్పుడు చీమలు చక్కెర కోసమే కాదు, తడి కోసం కూడా లోపలికి వస్తాయి. సింకు కింద చెమ్మ, ఏసీ పైపు చివర కారే నీరు, కుండీ కింద పళ్లెంలో మిగిలిన నీళ్లు వాటికి చాలు. దానికి శుభ్రతతో సంబంధం ఎంత?

మూడోసారి ఫిర్యాదు రాసుకున్నాక మీవాళ్లు చెప్పిన పరిష్కారం ఏమిటో తెలుసా? "డోసు పెంచి మళ్లీ కొడతాం" అని. నేను ఈ లేఖ రాయడానికి అసలు కారణం ఆ మాటే.

మా అక్క కూతురు రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో చదువుకుంది. మొన్న ఇంటికి వచ్చినప్పుడు ఈ చీమలను లెన్సులో చూసింది. పొడవు ఒకటిన్నర మిల్లీమీటరు కూడా ఉండదు. తల, నడుం భాగం ముదురు రంగు. పొట్ట, కాళ్లు మాత్రం లేత రంగులో దాదాపు అవతలిది కనిపించేలా ఉంటాయి. అందుకే మా తెల్ల టైల్స్ మీద చీమ కనబడదు, ఒక నల్లచుక్క పరుగెడుతున్నట్టు ఉంటుంది. వేలితో నలిపితే కుళ్లిన కొబ్బరి వాసన వస్తుంది. దీన్ని ఇంగ్లీషులో ఘోస్ట్ యాంట్ అంటారని, శాస్త్రీయ నామం టాపినోమా మెలనోసెఫాలమ్ అని ఆ పిల్ల చెప్పింది. నిమిషంలో తేలిన విషయం ఇది. మీ టెక్నీషియన్ వచ్చిన ఏ రోజూ ఒక్క చీమను కూడా వంగి చూడలేదు. పంపు భుజాన వేసుకుని వచ్చాడు, గోడల అంచులన్నీ తడిపాడు, సంతకం చేయించుకుని వెళ్లిపోయాడు.

అది ఏ చీమో చూడడం ఎందుకు ముఖ్యమో మీ శాఖలో తెలిసినవాళ్లు ఉండే ఉంటారు, అయినా రాస్తున్నాను. గండు చీమల్లాంటివైతే పుట్ట ఎక్కడుందో వెతికి అక్కడ మందు వేస్తే చాలావరకు పని అయిపోతుంది. ఈ చిన్న చీమల సంగతి వేరు. వీటికి ఒక పుట్ట, ఒక రాణి అని ఉండదు. రాణులు చాలా ఉంటాయి. గోడ పగుల్లో, స్విచ్‌బోర్డు వెనక, తలుపు చట్రం సందులో, కుండీ మట్టిలో ఎక్కడ కాస్త వెచ్చగా, చెమ్మగా ఉంటే అక్కడ గూడు పెట్టేస్తాయి. మనకు కనబడేవి మేతకు వచ్చిన కొన్ని కూలిచీమలే. రాణులు, పిల్లలు, మిగతా బలగం అంతా లోపలే ఉంటుంది. ఇలాంటి స్ప్రేల్లో మామూలుగా వాడే సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ రకం మందులు బయట తిరిగేవాటిని చంపుతాయి, మిగతావాటిని బెదరగొడతాయి. బెదిరిన గూటిలోంచి ఒక రాణి కొన్ని కూలిచీమలను, గుడ్లను వెంటబెట్టుకుని మరోచోటికి వెళ్లి వేరు కాపురం పెట్టేస్తుంది. ఆసుపత్రుల్లో ఎక్కువగా కనిపించే ఫారో చీమల్లో ఈ గుణం బాగా తెలిసినదే. వాటికి స్ప్రే కొట్టవద్దని ఈ రంగంలో ఉన్నవాళ్లు ఎప్పటి నుంచో చెబుతున్నారు. మా ఇంట్లో ఒకచోట ఉన్న చీమ నాలుగు చోట్లకు చేరడానికి ఇంతకంటే వేరే కారణం నాకు కనిపించడం లేదు. ఇప్పుడు డోసు పెంచితే ఏమవుతుందో మీరే ఆలోచించండి. మా పక్క ఫ్లాటువాళ్లు ఇప్పటికే "మీ ఇంట్లో మందు కొట్టించినప్పటి నుంచి మాకూ వస్తున్నాయండీ" అంటున్నారు. వాళ్లకు ఏం జవాబు చెప్పను?

జెల్ సంగతి ఇంకా విడ్డూరం. మీ బిల్లులో "స్ప్రే, జెల్" అని రెండూ ఉన్నాయి. అబ్బాయి సిరంజిలాంటి గొట్టంతో వంటింటి అరల మూలల్లో చుక్కలు పెట్టాడు, అది బొద్దింకల జెల్ అని తర్వాత తెలిసింది. పెట్టి ఊరుకోకుండా అదే మూలల మీద స్ప్రే కూడా కొట్టాడు. ఎర పెట్టి, ఆ ఎర దగ్గరికి ఎవరూ రాకుండా తరిమే మందు దాని మీదే కొట్టడం ఏమి పద్ధతండీ? చీమ రావాలి, ఎర తినాలి, గూటికి మోసుకెళ్లాలి, అక్కడ నోటితో నోటికి మిగతావాటికి, పిల్లలకు, రాణులకు పెట్టాలి. అప్పుడే లోపలి బలగం పోతుంది. అందుకే ఎరలో మందు నెమ్మదిగా పనిచేసేదై ఉండాలి. చక్కెర నీళ్లలో బోరిక్ ఆసిడ్ కలిపే పాత పద్ధతిలో కూడా మందు సుమారు ఒక శాతం మించకూడదంటారు. ఎక్కువైతే మేతకు వచ్చిన చీమ గూడు చేరకముందే చస్తుంది, లేదా అసలు ముట్టుకోదు. క్యారమ్ బోర్డు మీద చల్లే ఆ పొడి ఏ దుకాణంలో అయినా దొరుకుతుంది, నేనే కలుపుకోగలను. పాకే పిల్ల ఉన్న ఇంట్లో విషం కలిపిన చక్కెర నీళ్లు మూలమూలనా పెట్టలేకే, పిల్లల చేతికి అందని మూత డబ్బాల్లో ఎర పెట్టే పని తెలిసినవాళ్లు చేస్తారని మీకు డబ్బు కట్టాను.

ఎర అంటే ఒకటే తీపి పెట్టి వదిలేయడం కాదని కూడా చెప్పాలి. కొన్నాళ్లు తీపి వెంట పడతాయి, కొన్నాళ్లు దాన్ని వదిలేసి చచ్చిన బొద్దింకనో, గుడ్డు సొననో పట్టుకుంటాయి. మా ఇంట్లో ఒక వారం తేనె చుక్కను చూడనైనా చూడలేదు, అరుగు మీద పడిన నేతిబొట్టు చుట్టూ మాత్రం మూగాయి. రెండు రకాలూ పెట్టి, దేనికి వస్తున్నాయో గమనించి, వారం తర్వాత వచ్చి మార్చాలి. మూడు నెలలకోసారి వచ్చే మీ ఒప్పందంలో ఈ పని ఎక్కడ పడుతుందో నాకు అర్థం కావడం లేదు.

బాల్కనీ వైపు మీవాళ్లు తొంగి కూడా చూడలేదు. అక్కడ మా మందార మొక్కకు పిండినల్లి పట్టింది. ఆ నల్లి విడిచే తీపి జిగురు కోసం ఇవే చీమలు కాండం మీద బారులు తీరి ఉన్నాయి. ఇంట్లో అవి ఉండడానికి సగం కారణం అదే కావచ్చు. చూసిన రోజే కొమ్మలు కత్తిరించి, సబ్బునీళ్లతో కడిగాను. ఈ మాట ట్రీట్‌మెంట్‌కు వచ్చినవాడు చెప్పాలి కదా.

ఇక భద్రత. ఏ మందు కొడుతున్నావు బాబూ అని అడిగితే "హెర్బల్ ఆంటీ, వాసన కూడా రాదు, టెన్షన్ పడకండి" అన్నాడు. డబ్బా చూపించమంటే బండిలో ఉందన్నాడు. మన దేశంలో అమ్మే ప్రతి పురుగుమందు డబ్బా మీద దాని విషతీవ్రతను బట్టి ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ రంగుల్లో ఒక గుర్తు ఉండాలి, మందు పేరు, శాతం ఉండాలి. ఇళ్లలో పురుగుమందు కొట్టే వ్యాపారానికి 1968 నాటి కీటకనాశనుల చట్టం, 1971 నాటి నిబంధనల కింద లైసెన్సు కావాలి. కాబట్టి "హెర్బల్" అన్న ఒక్క మాటతో సరిపెట్టుకోవడానికి నేను సిద్ధంగా లేను. ఇంట్లో చేపల తొట్టి ఉందా, పిల్లి ఉందా అని అతను అడగలేదు. పైన చెప్పిన సైపర్‌మెత్రిన్ జాతి మందులు రెండిటికీ ప్రమాదమే. పిల్ల నేల మీద పాకుతుందని నేనే చెబితే, "గంట ఆగి తుడిచేయండి" అన్నాడు. తుడిచేస్తే మరి ఆ మందు చీమలకేం చేస్తుందని అడిగితే నవ్వి ఊరుకున్నాడు.

ఆ అబ్బాయి మీద నాకు కోపం లేదు. చేతికి గ్లౌజులు లేవు, ముక్కుకు మాస్కు లేదు, చొక్కా మందుతో తడిసి ఉంది. మంచినీళ్లు ఇస్తే గ్లాసు పట్టుకునే ముందు చేతులు కడుక్కోమని నేను చెప్పాల్సి వచ్చింది. సాయంత్రంలోపు ఇంకా బోలెడు ఇళ్లు తిరగాలట. చీమను వంగి చూసే తీరిక అతనికి మీరు ఇవ్వలేదు. మనిషికి ఒక పంపు, ఒక మందు ఇచ్చి ఊరి మీదికి తోలడం ట్రీట్‌మెంట్ అనిపించుకోదు. మీ ప్రకటనల్లో తెల్లకోటు వేసుకుని భూతద్దం పట్టుకున్న మనిషి బొమ్మ ఉంటుంది. ఆ మనిషిని ఒకసారి మా ఇంటికి పంపండి.

నేను అడుగుతున్నవి పెద్ద కోరికలు కావు. ఇప్పటివరకు మా ఇంట్లో వాడిన మందుల పేర్లు, వాటి శాతాలు, మీ లైసెన్సు నంబరు నాకు రాతపూర్వకంగా పంపండి. వంటింట్లో, పడకగదిలో ఇకపై స్ప్రే వద్దు. ఈ చీమలకు పనికివచ్చే ఎర మందు, పిల్లల చేతికి అందని డబ్బాల్లో పెట్టించండి. తగ్గేవరకు వారం వారం వచ్చి చూసే మనిషిని కేటాయించండి, దానికి అదనంగా పైసా అడగకండి. తగ్గడానికి కొన్ని వారాలు పడుతుందని నాకు తెలుసు, ఒక్కరోజులో మాయం కావాలని పట్టుబట్టను. ఇది మీ వల్ల కాదనుకుంటే ఒప్పందం రద్దు చేసి కట్టిన 4,500 రూపాయలు వెనక్కి ఇవ్వండి. జరిగిన సర్వీసులకు కోత పెట్టి మిగతాది ఇస్తామంటే ఒప్పుకోను, ఆ సర్వీసులే కదా సమస్యను పెంచింది.

ఒప్పందం వెనక చిన్న అక్షరాల్లో "ఇంటి అపరిశుభ్రత వల్ల వచ్చే కీటకాలకు బాధ్యత లేదు" అని ఉంది. మీ కాల్‌సెంటర్ పాఠం ఎక్కడి నుంచి వచ్చిందో అది చదివాక అర్థమైంది. ఆ వాక్యాన్ని అడ్డం పెట్టుకోవద్దని మనవి. ఈ లేఖ అందిన పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయిస్తాను. అక్కడా తేలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవాలోపం అని జిల్లా కమిషన్‌కు వెళ్తాను. నేను ఉండే చోటే కేసు వేసుకోవచ్చు, అయిదు లక్షల లోపు వ్యవహారానికి ఫీజు కూడా లేదు. బెదిరించడానికి రాయడం లేదు, ఆ పని చేయగలనని తెలియజేయడానికి రాస్తున్నాను. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఇలాంటి ఫైళ్లు కదిలించడమే నా పని.

పగలు పదకొండు దాటాక ఏ రోజైనా ఇంట్లోనే ఉంటాను. వచ్చే ముందు ఫోన్ చేయమనండి. వచ్చేవారు పంపు తేవక్కర్లేదు, ఒక టార్చిలైటు, ఒక లెన్సు తెస్తే చాలు.

ఇట్లు,
మీ వినియోగదారు,
నల్లకుంట, హైదరాబాద్.

జతపరచినవి: ఒప్పందం, రసీదు నకళ్లు, స్విచ్‌బోర్డు, బాల్కనీ ఫొటోలు, సెల్లోటేపుకు అంటించిన చీమలు కొన్ని.