కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక: మన మెయిన్ రోడ్డు సంగతి

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

డ్రైనేజీ, వీధిదీపాలు, వినాయక చవితి లెక్కలు విడిగా జతచేశాం. వాటి మీద ఎవరికీ పెద్దగా పేచీ లేదు. ఏడాదంతా గొడవ నడిచింది మెయిన్ రోడ్డు మీదే కాబట్టి ఈ నివేదిక కూడా దాని చుట్టూనే తిరుగుతుంది.

మే నెలలో పాల ప్యాకెట్ కోసం రోడ్డు దాటుతున్న పెద్దాయనను ఒక స్కూటర్ గుద్దింది. కాలు విరిగింది. వాట్సాప్ గ్రూపులో అందరూ డెలివరీ కుర్రాళ్లనే తిట్టారు. తీరా చూస్తే బండి మన కాలనీదే, నడిపింది లైసెన్సు వయసు రాని పిల్లాడు. పేర్లు రాయడం లేదు. 2019 మోటారు వాహనాల సవరణ చట్టం ప్రకారం మైనర్ బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి 3 ఏళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. ఆ పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. సమావేశంలో ఇది చదివాక డెలివరీ కుర్రాళ్ల ఊసు మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఆ వెంటనే ప్రతి గేటు ముందూ స్పీడ్ బ్రేకర్ కావాలన్నారు. కమిటీ తొందరపడి మేస్త్రీతో రాత్రికి రాత్రి ఒకటి వేయించింది. ఇది మా తప్పే. రోడ్లకు ప్రమాణాలు నిర్ణయించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన గుండ్రటి హంప్‌కి (స్పీడ్ బ్రేకర్‌కి) 10 సెంటీమీటర్ల ఎత్తయితే వెడల్పు 3.7 మీటర్లు. మనది చిన్న గోడలా లేచింది. ఆటోలో ఆసుపత్రికి వెళ్తున్న నిండు గర్భిణి ఇంటివాళ్లు వచ్చి గట్టిగానే అడిగారు. పగలగొట్టించాం. వేసిన కూలీ, తీసిన కూలీ రెండూ ఖర్చుల్లో ఉన్నాయి.

జనం నిజంగా ఆగి చూసింది సుద్దగీతల్ని. ఏ వేగంలో వచ్చే కారు ఎంత దూరంలో ఆగుతుందో చూపేలా, ఫిజిక్స్ చెప్పి రిటైరైన మేడమ్ ఒక ఆదివారం టేపు పట్టుకుని రోడ్డు మీద గీయించారు. ఎదురుగా పిల్లాడు కనబడి కాలు బ్రేకు మీదికి వెళ్లేసరికి సుమారు ఒక సెకను. కారు 30 కిలోమీటర్ల వేగంలో ఉంటే ఆ సెకనులో 8 మీటర్లు పోతుంది, బ్రేకు పడ్డాక ఇంకో 5. మొత్తం 13. అదే 50లో ఉంటే ఆ ఒక్క సెకనుకే దాదాపు 14 మీటర్లు! అంటే 30లో వచ్చిన కారు ఆగిపోయిన చోట, 50లో వచ్చిన కారుకి ఇంకా బ్రేకే పడలేదు. రోడ్డు పొడిగా ఉన్నా అది ఆగేది 28 దగ్గర. హైదరాబాద్‌లో కాలనీ రోడ్లకు పోలీసులు పెట్టిన పరిమితి 30 అని ఆ రోజే చాలామందికి తెలిసింది. కేంద్ర రవాణా శాఖ లెక్కల్లో 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవారు 1,68,491 మంది. అందులో పదింట ఏడు అతివేగం ఖాతాలోవే.

"ఆఫీసుకి లేటవుతుందండీ" అన్న సభ్యుడికీ లెక్క కట్టి చూపించాం. మన రోడ్డు 600 మీటర్లు. 30 బదులు 50లో పోతే మిగిలేది 29 సెకన్లు. "మా వాచ్‌మన్ గేటు తీయడానికే అంతకన్నా ఎక్కువ పడుతుంది" అని ఆయనే నవ్వేశారు.

నిబంధనల ప్రకారం హంప్ వేయమని మున్సిపల్ కార్యాలయంలో దరఖాస్తు ఇచ్చాం, జవాబు రావాలి. సుద్దగీతలు మొదటి వానకే పోయాయి. వచ్చే ఆదివారం మళ్లీ గీస్తాం. ఉదయం 7 గంటలకు పార్కు గేటు దగ్గర కలుద్దాం. పిల్లల్ని కూడా తీసుకురండి, స్కూటర్ తాళాలు మాత్రం ఇంట్లోనే పెట్టి.