మా ఫిర్యాదును కారు సర్వీస్ సెంటర్ జాబ్ కార్డులో మా మాటల్లోనే రాయాలి

సంపాదకుడి గారికి నమస్కారం.

గత నెలలో అమ్మను తీసుకుని పీలేరు నుంచి తిరుపతి వస్తున్నాను. చీకటి పడే వేళ, భాకరాపేట ఘాట్‌లో మా ఎలక్ట్రిక్ కారు డాష్‌బోర్డు మీద, పవర్ తగ్గిందని చెప్పే తాబేలు గుర్తు వెలిగింది. ఛార్జింగ్ 60 శాతం పైనే ఉంది. అయినా యాక్సిలరేటర్ ఎంత తొక్కినా వేగం పడిపోతూ వచ్చి, సరిగ్గా మలుపులో బండి ఆగిపోయింది. కాసేపటికి హజార్డ్ లైట్లూ ఆరిపోయాయి. 2022 మార్చిలో నిశ్చితార్థానికి వెళ్తున్న బృందం బస్సు లోయలో పడిన ఘాట్ అది. అమ్మను దూరంగా కూర్చోబెట్టి, వెనక వచ్చే లారీలకు సెల్‌ఫోన్ లైటు ఊపుతూ గంటన్నర నిలబడ్డాను. పక్కకు తోద్దామంటే పార్కింగ్ బ్రేకు కూడా కరెంటుదే, వదల్లేదు.

సర్వీస్ సెంటర్‌లో "సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసినాం సార్, ఇంక రాదు" అన్నారు. పన్నెండు రోజులకు చంద్రగిరి దగ్గర మళ్లీ ఆగింది. అప్పుడు గానీ అసలు సంగతి తేలలేదు. ఎలక్ట్రిక్ కారులో పెద్ద బ్యాటరీతో పాటు 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఒకటి ఉంటుంది. లైట్లు, కంప్యూటర్లు, పెద్ద బ్యాటరీని మోటారుకు కలిపే స్విచ్చులు దాని మీదే నడుస్తాయి. దానికి ఛార్జింగ్ ఇచ్చే కన్వర్టర్ పాడైతే, పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా బండి కదలదు. మాకు పోయింది ఆ కన్వర్టరే. ఘాట్ ఎక్కలేకపోవడం ఈ బండ్ల గుణం కాదు. 2022 నుంచి తిరుమలకు ఎలక్ట్రిక్ బస్సులు రోజూ ఎక్కి దిగుతున్నాయి.

పార్టు మార్చారు, సరే. కానీ మొదటిసారి జాబ్ కార్డులో, అంటే బండి సమస్య, చేసిన పని రాసే కాగితంలో, రాసింది "జనరల్ చెకప్" అని! "నడుస్తూ నడుస్తూ ఆగిపోయింది" అని రాయమంటే, సిస్టంలో ఆ ఆప్షన్ లేదన్నారు. నా బాధంతా ఇక్కడే. మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో 110ఎ సెక్షన్ వచ్చింది. లోపమున్న మోడల్‌ను వెనక్కి పిలిపించమని కంపెనీని ఆదేశించే అధికారం కేంద్రానికి ఉంది. 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం, ఏడేళ్లు దాటని బండి యజమానులు వాహన్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు. ఒక మోడల్ మీద ఫిర్యాదులు నిర్ణీత సంఖ్యకు చేరితే విచారణ. ప్రాణం మీదికి వచ్చిన సంగతి కాగితం మీద చెకప్‌గా మారిపోతే, రేపు ఏ ఆధారం చూపించి ఫిర్యాదు చేయాలి?

కారు ఎక్కడ, ఎంత వేగంలో ఆగిందో యజమాని చెప్పినట్టే రాసి, కంప్యూటర్ చూపిన ఫాల్ట్ కోడ్‌ను (లోపం ఏమిటో తెలిపే సంకేతం) ప్రింటు తీసి ఇవ్వాలని జిల్లా రవాణా శాఖ అధికారులు సర్వీస్ సెంటర్లను ఆదేశించాలి. ఈ పోర్టల్ సంగతి చెప్పే బోర్డు ఒకటి ఆర్టీఓ ఆఫీసులో పెట్టించాలి. తోటి యజమానులకు నా మనవి: మీ మాట రాయని జాబ్ కార్డు మీద సంతకం పెట్టకండి. రాయబోమని వాళ్లు మొండికేస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.

— ఒక కారు యజమాని, తిరుపతి