నీ పల్లె డ్యూటీ గురించి

బుజ్జీ,

అమ్మ దీవించి రాసేది. నిన్న ఫోన్లో గొంతు వినగానే తెలిసింది, నువ్వు టెన్షన్‌లో ఉన్నావని. ల్యాబ్‌లో పేగు కణాలు సరిగ్గా దారికొస్తున్న సమయానికి మీ గైడ్ గారు ఊళ్లకు వెళ్లి ఆరోగ్య విద్య చెప్పి రమ్మన్నారని, “చేతులు కడుక్కోండి అని చెప్పడానికి నా పీహెచ్‌డీ పక్కన పెట్టాలా అమ్మా?” అని అడిగావు. ఫోన్లో వాదించుకుంటే ఇద్దరికీ కోపాలు వస్తాయి. మధ్యలో మీ నాన్న స్పీకర్ ఆన్ చేసి దూరతారు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ఏఎన్ఎంగా చేసి రిటైరైంది కాబట్టి తన వాళ్లనే వెనకేసుకొస్తోందని అనుకుంటావు. అనుకో. నేను చెప్పేది ఒకటే. చెప్పిన మాట జనం ఎందుకు వినరో కనుక్కోవడం కూడా పరిశోధనే. ల్యాబ్ పని పూర్తయ్యాక తీరిక ఉంటే చేసే సమాజ సేవ అని దాన్ని తీసిపారేయకు. ఇందుకు నీ సబ్జెక్టులోదే, నువ్వు రోజూ చూసే పేగు గోడ సంగతే తీసుకుంటాను.

ఓఆర్ఎస్, అదే విరేచనాలప్పుడు పట్టే ఉప్పు, గ్లూకోజ్ నీళ్లు, ఎలా పనిచేస్తుందో నాకు అర్థమయ్యేలా చెప్పింది నువ్వే. సోడియం, గ్లూకోజ్ విడివిడిగా వస్తే పేగు కణం అంతగా పట్టించుకోదు. కొత్త దంపతులను జంటగా వస్తేనే హారతిచ్చి లోపలికి పిలిచినట్టు, రెండూ కలిసొస్తే తలుపు తీస్తుంది, వాటి వెంట నీళ్లూ లోపలికి వెళ్తాయి. కలరా విషం నీళ్లను బయటికి తోడేస్తున్నా ఈ తలుపు మాత్రం చెడిపోదు. రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రవేత్త ఈ జంట ప్రయాణం గురించి 1960లో ప్రాగ్‌లో చెప్పాడని, అంతకు ముందు ఏడాదే కలకత్తాలో శంభునాథ్ డే కుందేలు పేగులో కలరా విషాన్ని పట్టుకున్నాడని నువ్వు చెబుతుంటే, అన్నాళ్లు నేను పంచిన ప్యాకెట్ల వెనక ఇంత కథ ఉందా అనుకున్నాను.

ల్యాబ్ పని తక్కువని నేను అనడం లేదు. కలకత్తాలోనే హేమేంద్రనాథ్ చటర్జీ అనే డాక్టరు 1953లో 186 మంది కలరా రోగులకు ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్లు తాగించి, ఆ సంగతి లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశాడు. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఎంత నీరు పోయింది, ఎంత లోపలికి వెళ్లింది అన్న కొలతలు అందులో లేవు. ఎందుకు పనిచేస్తుందో చెప్పే శాస్త్రం అప్పటికి పుట్టలేదు. తర్వాత 1968లో ఢాకాలో డేవిడ్ నలిన్, రిచర్డ్ క్యాష్ అనే డాక్టర్లు ఎంత పోతే అంత తాగించి, కొలిచి మరీ చూపించారు. నీలాంటి వాళ్ల ఓపిక లేకపోతే ఆ వైద్యం అక్కడే ఆగిపోయేది.

ఇక 1971. బంగ్లాదేశ్ యుద్ధం, సరిహద్దు దాటి వచ్చిన శరణార్థులు, బెంగాల్ సరిహద్దు ఊరు బన్‌గావ్‌లో కలరా. ఆస్పత్రిలో రెండు గదుల నిండా నేల మీదే రోగులు. సెలైన్ పెట్టాలంటే వాంతుల్లో, విరేచనాల్లో మోకాళ్ల మీద కూర్చోవాల్సి వచ్చిందని అక్కడ పనిచేసిన డాక్టరు దిలీప్ మహాలనబిస్ తర్వాత రాశాడు. సెలైన్ సీసాలు చాల్లేదు. అప్పుడాయన కలకత్తాలో మనుషులను కూర్చోబెట్టి లీటరుకు 22 గ్రాముల గ్లూకోజ్, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంట సోడా లెక్కన తూకం వేయించి, ప్లాస్టిక్ సంచుల్లో పోయించి, మూతులు ఇస్త్రీపెట్టెతో అతికించి క్యాంపుకు తెచ్చాడు. డ్రమ్ముల్లో కలిపి, రోగుల బంధువుల చేతికి కప్పులిచ్చి తాగించమన్నాడు. లీటరుకు అయిన ఖర్చు 11 పైసలు. నూటికి ముప్ఫై మంది దాకా పోతున్న చోట మరణాలు 3.6 శాతానికి దిగాయి.

ఈ కథలో అందరూ 3.6 దగ్గర చప్పట్లు కొడతారు. నా చూపు మాత్రం ఆ కప్పులు పట్టుకున్న వాళ్ల మీదే ఉంటుంది. నర్సులు కారు, డాక్టర్లు కారు. బిడ్డ తల్లో, రోగి తమ్ముడో అయి ఉంటారు. వాళ్ల చేతికి వైద్యం అప్పజెప్పవచ్చని అప్పట్లో చాలామంది పెద్ద డాక్టర్లు ఒప్పుకోలేదు. మహాలనబిస్‌కు పద్మవిభూషణ్ వచ్చింది 2023లో. మనిషి అంతకు ముందు ఏడాదే పోయాడు. మన దేశంలో ఇదొక తంతు.

సరే, క్యాంపులో పనిచేసింది. మరి ఇంట్లో? అక్కడ చావు కళ్లెదుట కనబడుతోంది కాబట్టి అందరూ విన్నారు. మామూలు రోజున, మామూలు ఇంట్లో, ఏడాది బిడ్డకు విరేచనాలు పట్టుకుంటే ఎవరు వింటారు?

ఒక ఎండాకాలం సంగతి చెబుతాను. ఊరి చివర ఇల్లు. పిల్లాడి కళ్లు గుంటలు పడ్డాయి, మాడు లోతుకు పోయింది. పొట్ట మీద చర్మం చిటికెతో పట్టి వదిలితే మెల్లగా వెనక్కి పోతోంది. నేనిచ్చిన ప్యాకెట్ కత్తిరించి చూరులో దోపి ఉంది. సగం పొడి అలాగే ఉంది. “తాగించలేదా?” అంటే నాయనమ్మ నా మీదే లేచింది. “పట్టాం నర్సమ్మా. నీ నీళ్లు పడితే ఆగకపోగా ఇంకా ఎక్కువయ్యాయి. అందుకే ఆపేశాం. పొట్ట ఎండితే అదే కట్టుకుంటుంది.”

ఆమె అన్నదాంట్లో తప్పేముంది చెప్పు? మందంటే రోగం ఆపాలి. ఈ మందు ఆపదు. పోయిన నీళ్లు, ఉప్పు మళ్లీ నింపుతుందంతే. మేం పంచిన కాగితంలో ‘విరేచనాలకు ఓఆర్ఎస్ వాడండి’ అని ఉండేది. అది చదివిన ఎవరైనా ఆగుతాయనే అనుకుంటారు. నేను ఆమె పక్కన కూర్చుని, “పెద్దమ్మా, ఇది ఆపే మందు కాదు. విరేచనాలు నాలుగైదు రోజుల్లో వాటంతట అవే తగ్గుతాయి. అప్పటిదాకా బిడ్డ ఎండిపోకుండా చూసేది ఇదే. సెలైన్ సీసాలో ఉండేదీ ఉప్పునీళ్లే. అది సూదితో ఎక్కిస్తారు, ఇది చెంచాతో పడతాం” అన్నాను. సెలైన్ అనేసరికి ఆమె ముఖం మారింది. చెంచా తెచ్చింది. వాంతి చేసుకున్నప్పుడు పది నిమిషాలు ఆగి, మళ్లీ మెల్లగా మొదలుపెట్టాం. దీపాలు పెట్టే వేళకు పిల్లాడు ఉచ్చ పోశాడు. అంతకంటే మంచి రిపోర్ట్ ఏ ల్యాబ్ ఇస్తుంది!

ఆ తర్వాత ఎక్కడికెళ్లినా ముందు ‘ఇది ఆపదు’ అనే మొదలుపెట్టేదాన్ని. పాంప్లెట్లలో ఆ మాట ఉండదు. ఎందుకుండదో నాకిప్పటికీ తెలియదు.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి, నీకు పనికొస్తాయి. లీటరు ప్యాకెట్‌ను గ్లాసులో కలిపేస్తారు. బిడ్డ లీటరు తాగదు కదా, మిగిలింది పారబోయడం దేనికని. అలా చిక్కగా కలిపితే ఉప్పు ఎక్కువై అసలుకే మోసం. కొందరు రెండు చిటికెలు గ్లాసులో వేస్తారు, అది చాలదు. ఓఆర్ఎస్‌తో పాటు ఇచ్చే జింకు మాత్రలు 14 రోజులు వేయాలంటే, మూడో రోజుకు విరేచనాలు తగ్గగానే అటకెక్కిస్తారు. పళ్లొస్తున్నాయి కాబట్టి విరేచనాలు మామూలేనని వదిలేసేవాళ్లకైతే లెక్కే లేదు.

బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ వాళ్లు 1980 నుంచి పదేళ్లు ఇంటింటికీ తిరిగి కోటీ ఇరవై లక్షలకు పైగా ఇళ్లలో తల్లులకు నేర్పారట. ప్యాకెట్ కూడా కాదు. మూడు వేళ్ల చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, అర సేరు నీళ్లు. నాకు నచ్చింది వాళ్ల జీతాల పద్ధతి. ఎన్ని ఇళ్లకు వెళ్లారని కాదు, కొన్నాళ్ల తర్వాత వేరేవాళ్లు వెళ్లి అడిగితే తల్లికి ఎంత గుర్తుందో చూసి డబ్బులిచ్చారు. మా రోజుల్లో రిజిస్టర్ నిండితే చాలు! అయినా మొదట్లో తల్లులకు అన్నీ గుర్తున్నాయి కానీ బిడ్డకు జబ్బు చేస్తే వాడటం లేదు. ఎందుకని తవ్వితే, నేర్పే అమ్మాయిలకే తాము చెప్పేదాని మీద నమ్మకం లేదని తేలింది. వాళ్లకు విరేచనాలైతే వేరే మందు వేసుకుంటున్నారు! ఇంకొకటి, ఇంట్లో మగవాళ్లకు ఎవరూ చెప్పలేదు. అవి రెండూ సరిచేశాక వాడకం పెరిగింది. ఇది పరిశోధన కాకపోతే మరేమిటి, నువ్వే చెప్పు.

మన దగ్గర 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వేలో, విరేచనాలైన పిల్లల్లో ఓఆర్ఎస్ అందింది నూటికి అరవై మందికే. క్రేన్ చెప్పి అరవై ఏళ్లయ్యాక!

ప్యాకెట్ అందినా అది అసలుదో కాదో చూసుకోవాల్సి వచ్చింది. మందుల షాపుల్లో అట్టపెట్టెల్లో, పండ్ల రుచుల్లో, ఓఆర్ఎస్ అని పేరు పెట్టి తియ్యటి డ్రింకులు అమ్మారు కదా. డబ్ల్యూహెచ్ఓ ఫార్ములాలో లీటరుకు గ్లూకోజ్ 13.5 గ్రాములే. వీటిలో చక్కెర దానికి ఎన్నో రెట్లు. అంత తీపి పేగులోకి వెళ్తే నీళ్లను ఇంకా బయటికి లాగుతుంది, నీకు చెప్పక్కర్లేదు. హైదరాబాద్‌లో పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి దీని మీద పోరాడారు, హైకోర్టుకు వెళ్లారు, వీడియోల్లో కన్నీళ్లు పెట్టుకున్నారు. చివరికి 2025 అక్టోబర్‌లో ఆ పేరు అలా వాడకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశం ఇచ్చింది. ఆవిడ కొత్త అణువేమీ కనిపెట్టలేదు. డబ్బా మీద ఏం రాసుందో, దాన్ని చూసి తల్లి ఏమనుకుంటుందో గమనించారు.

కాబట్టి నువ్వు వెళ్లేటప్పుడు స్లైడ్లు పట్టుకెళ్లకు. లీటరు సీసా, ప్యాకెట్, చెంచా తీసుకెళ్లు. నువ్వు కలపకు, వాళ్లను కలపమని చూడు. ఏం చేస్తారో రాసుకో. “తెలుసా?” అని అడిగితే తెలుసనే అంటారు. “పోయినసారి పిల్లాడికి విరేచనాలైతే మొదట ఏం చేశారు, ఎవరు చెప్పారు, డబ్బులు ఎవరిచ్చారు?” అని అడుగు. అత్తగారు పక్కనుంటే కోడలు నోరు విప్పదు, ఇద్దరితో విడిగా మాట్లాడు. ఆర్ఎంపీ దగ్గరికి కూడా వెళ్లు, చులకనగా చూడకు. రాత్రి పది గంటలకు తలుపు తీసేది ఆయనే.

మొదటి నాలుగు రోజులు మన ఊరి సబ్‌సెంటర్ కిందే పెట్టుకుంటానంటే ఇక్కడి ఆశా కార్యకర్తతో మాట్లాడి ఉంచుతాను. మిరప కోతలు నడుస్తున్నాయి, పగలు ఇళ్లలో ముసలివాళ్లే ఉంటారు. సాయంత్రం ఐదు దాటాక తిరగాలి. కణాలను ఆ నాలుగు రోజులు చూసుకోమని మీ జూనియర్‌ను ముందే అడిగి పెట్టుకో. ఏ తారీఖు వస్తున్నావో బుధవారం లోపు చెప్పు.

అమ్మ