స్టీలు క్యారియర్ తీసుకెళ్లినా ప్లాస్టిక్ డబ్బానేనా?

సంపాదకులు గారికి,

తోపుడు బండ్ల దగ్గర పల్చటి కవర్లు పట్టుకుని జరిమానా వేశారని పోయిన వారం మీ పేపర్లో చదివినప్పటి నుంచి రాయాలనుకుంటున్నా, ఇప్పటికి కుదిరింది. పూలమ్మే ఆమె దగ్గర కవర్లు లాక్కున్నారు సరే, ఆ పక్కనే ఉన్న సూపర్ మార్కెట్లోకి ఎవరైనా తొంగి చూశారా?

ఇప్పుడు అక్కడ సరుకులతో పాటు వండిన కూరలు, పులిహోర, చపాతీలు, కోసిన పండ్లు కూడా అమ్ముతున్నారు. ఒంట్లో బాగాలేని రోజు నాలాంటిదానికి అది ఎంతో ఆసరా, కాదనను. కానీ నాలుగు బొప్పాయి ముక్కలకు ఒక ట్రే, దానిమీద చుట్టిన ప్లాస్టిక్ పొర, చట్నీకి ఇంకో బుల్లి కప్పు, మళ్లీ అన్నిటికీ కలిపి ఒక కవరు!

మొన్న ఆదివారం ఇంటి నుంచి స్టీలు క్యారియర్ తీసుకెళ్లాను. కౌంటర్లో అబ్బాయి "సరేమ్మా" అని, ముందు వంకాయ కూర నల్ల ప్లాస్టిక్ డబ్బాలో వేసి తూకం పెట్టాడు, తర్వాత దాన్ని నా గిన్నెలోకి వంచి, అడుగున అంటుకున్న గుజ్జుతో సహా డబ్బాను చెత్తబుట్టలో పడేశాడు. ఇదేంది నాయనా అంటే "డబ్బా బరువుకే మిషన్ సెట్ చేసుండారు, నేనేం చేసేది మేడం" అన్నాడు. తప్పు అతనిది కాదు. ఖాళీ గిన్నె పెట్టి సున్నా చేసే బటన్ ఆ మిషన్లోనే ఉంటుంది, నొక్కమని పైవాళ్లు చెప్పాలి.

ప్లాస్టిక్ ప్లేట్లు, కప్పులు, చెంచాలు, ట్రేలు దేశమంతటా 2022 జులై 1 నుంచే నిషేధం. మూత డబ్బాల పేరు ఆ జాబితాలో లేదు కాబట్టి అందరూ వాటిమీద పడ్డారు. ఉన్న నిషేధమైనా చూసే నాథుడేడీ? కాలవ పూడిక తీయమని మూడుసార్లు అర్జీ పెట్టినా దిక్కులేదు, తీరా వాన పడితే ఈ డబ్బాలే అడ్డంపడి మురుగు నీళ్లు మా గుమ్మం దాకా వస్తాయి. పేదవాడి బండి దగ్గర చూపే జోరు ఏసీ షాపు గడప దగ్గర ఏమవుతుంది?

తిరుమల కొండమీద నీళ్ల ప్లాస్టిక్ బాటిళ్లు ఆపారు. లడ్డూలకు రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో తయారుచేసిన, మట్టిలో కలిసిపోయే సంచులు 2021లోనే తెచ్చారు. రోజూ అన్ని వేలమంది వచ్చేచోట చేయగలిగింది కొండకింద మా వీధి షాపులో ఎందుకు చేయలేరు? పులిహోరకు, చపాతీలకు విస్తరాకు పొట్లం చాలదా?

దయచేసి మీ విలేకరిని ఒకసారి ఆ కౌంటర్ల దగ్గరికి పంపండి. గిన్నె తెచ్చుకున్నవాళ్లకు గిన్నెలోనే తూకం వేసివ్వాలని అధికారుల చేత ఒక్క ఆదేశం ఇప్పించండి.

– ఒక గృహిణి, కొర్లగుంట, తిరుపతి