వార్షిక నివేదిక 2024–25: క్యాన్సర్ మరణాల పటం

సభ్యులందరికీ నమస్కారం. కార్తీక వనసమారాధన, బడిపిల్లలకు నోటు పుస్తకాల పంపిణీ ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చులు విడిగా జతచేశాం. ఈసారి సంఘం శ్రమలో ఎక్కువ భాగం కోనసీమలో ఏ మండలంలో క్యాన్సర్ మరణాలు ఎక్కువో చూపే పటానికే వెచ్చించాం కనుక దాని గురించే వివరంగా రాస్తున్నాం.

క్యాన్సర్ కేసులు ఎక్కువని వార్తల్లోకెక్కిన తూర్పు గోదావరి జిల్లా బలభద్రపురంలో 2025 మార్చిలో వైద్య బృందాలు ఇంటింటి సర్వే చేశాయని తెలియగానే, మన కోనసీమ మాటేమిటని చాలామంది అడిగారు. జవాబు చెప్పాలంటే చనిపోయినవారి జబ్బేదో, సొంత ఊరేదో తెలియాలి. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం మరణం ఎక్కడ జరిగితే అక్కడే నమోదు చేస్తారు. మన అల్లవరం మనిషి కాకినాడ ఆసుపత్రిలో కన్నుమూస్తే నమోదు కాకినాడలోనే. ఫారంలో నివాసం గడి ఉంటుంది. ఆ హడావుడిలో అక్కడి బంధువుల చిరునామా రాయించారా, ఇక ఊరి ఆచూకీ దొరకదు.

కారణం సంగతి ఇంకా బాధాకరం. వైద్యుడిచ్చే పత్రంలో పై వరుసలో తక్షణ కారణం, కింది వరుసల్లో దానికి దారితీసిన జబ్బు రాయాలి. రొమ్ము క్యాన్సర్‌తో పోయిన ఒక సోదరి పత్రంలో ‘గుండె ఆగిపోవడం’ అని మాత్రమే ఉంది. కింది వరుసలు ఖాళీ. ఆమె క్యాన్సర్ లెక్కలోకి రాలేదు.

ఇంత పట్టుదల ఎందుకంటే, ఇలాంటి పటాలు దారి చూపాయి. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ 1950–69 మరణాలతో 1975లో పటాలు వేస్తే, ఆగ్నేయ రాష్ట్రాల స్త్రీలలో నోటి క్యాన్సర్ మరణాలు ఎక్కువని బయటపడింది. ఆరా తీస్తే పొగాకు పొడిని చిగుళ్ల దగ్గర ఉంచుకునే అలవాటు తేలింది. లంక పొగాకు చుట్టలు ఎరిగిన మనకు, చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఉత్తరాంధ్ర తీరానికి ఇది పరాయి కథ కాదు.

పటాన్ని ఊరి వారీగా వేయడం లేదు. రెండు వేల జనాభాలో ఒక్క మరణం పెరిగినా లక్షకు 50 చొప్పున రేటు ఎగబాకుతుంది. పిల్లలు గల్ఫ్‌కు వెళ్లి పెద్దలే మిగిలిన ఊళ్లలో క్యాన్సర్ మరణాలు ఎటూ ఎక్కువే కనిపిస్తాయి. అందుకే మండలాన్ని ప్రమాణంగా తీసుకుని, కొన్నేళ్ల మరణాలు కలిపి, వయసుల తేడాను సరిచేశాకే రంగులు వేస్తాం. పేర్లు, ఇళ్లు పటంలో ఉండవు.

2023 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన ఆ 1969 చట్టం సవరణ ప్రకారం మరణ కారణ పత్రం నకలును ఆసుపత్రి దగ్గరి బంధువుకు ఇవ్వాలి. దయచేసి అడిగి తీసుకోండి. కింది వరుసలు ఖాళీగా ఉంటే అక్కడికక్కడే వైద్యుణ్ణి అడగండి. నివాసం గడిలో మన ఊరి పేరే రాయించండి.